చదువు అటకెక్కే ముందు

"చదువు అటకెక్కింది" అంటే మన కాలేజీలో ఎవరికీ అర్థం వివరించక్కర్లేదు. బ్యాక్‌లాగ్‌ల లిస్టు చూపిస్తే చాలు. మా ఇంట్లో మాత్రం పోయిన వేసవిలో ఆ మాట అక్షరాలా నిజం కాబోయింది. ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చిన మా చెల్లెలికి చదువుకోవడానికి ఒక గది కావాలి. ఇంట్లో ఖాళీ ఉన్నది అటక ఒక్కటే.

మాది మదనపల్లెలో మా తాత కట్టించిన పెంకుటిల్లు. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు, పైన బెంగుళూరు పెంకులు. రెండు గదులు, వంటిల్లు, ముందు పంచ. మనుషులం ఆరుగురం. నడిమింటి మీద పదడుగులకు పన్నెండడుగుల చెక్క అటక ఉంది. దాని మీద చింతపండు కుండలు, ఇత్తడి బిందెలు, నా పాత పుస్తకాలు.

మా నాయన టమాట మండీలో గుమాస్తా. ఒకరోజు రాత్రి అన్నం తింటా చెప్పినాడు: "అటకనే రూము చేసేద్దాం. ఇంజినీరూ వద్దు, కాంట్రాక్టరూ వద్దు. నువ్వు సివిలే కదా, ఇద్దరం కలిసి చేసుకుందాం."

ఆయన ప్లాన్ మూడు ముక్కల్లో ఉంది. ఒకటి, చెక్కల మీద రెండంగుళాల కాంక్రీటు పోసి టైల్స్ వేయడం, "తుడుచుకునేదానికి బాగుంటాది" అని. రెండు, అటక నేలకు నాలుగడుగుల ఎత్తున ఈ గోడ నుంచి ఆ గోడకు పోయే అడ్డదూలాన్ని మధ్యలో కోసెయ్యడం, నడిచేటప్పుడు అడ్డమొస్తుంది కాబట్టి. మూడు, ఒక దంతె కోసి ఆ సందులో ఇనుప మెట్లు పెట్టడం.

వినడానికి అన్నీ బాగానే ఉన్నాయి. నేనూ తల ఊపినాను. ఆ రాత్రి పడుకుని పైకి చూస్తే అసలు విషయం తెలిసింది. స్ట్రక్చరల్ అనాలిసిస్ రాసినా, ఆర్‌సీసీ రాసినా, స్టీల్ కూడా రాసినా. కానీ నా తల మీదున్న కప్పులో ఏ కట్టె దేన్ని మోస్తోందో నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి దాని కిందే పడుకుంటున్నాను.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అటకను గది చేసుకోవడం తప్పు కాదు. బరువు ఏ దారిన నేలకు దిగుతోందో కనుక్కోకుండా ఉలి పట్టుకోవడం తప్పు. ఆ దారి కనుక్కునే పని మన ఊళ్లలో ఎవరూ చేయడం లేదు. చేయాల్సింది మనమే. మనకేమో కొత్త అపార్టుమెంట్లు డిజైన్ చేయడం నేర్పుతున్నారు కానీ, మనం పుట్టిన ఇళ్లను చదవడం నేర్పడం లేదు.

అడ్డదూలం సంగతి

పెంకుల బరువు రీపర్ల మీదికి, రీపర్ల నుంచి వాసాల మీదికి, వాసాల నుంచి గోడల మీదికి వస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ కొప్పు దగ్గర కలుసుకునే జంట వాసాలు గోడను కిందికి మాత్రమే నొక్కవు, బయటికి కూడా తోస్తాయి. నిచ్చెన కాళ్లు జారినట్టు అవి విడిపోవాలని చూస్తుంటాయి. విడిపోకుండా రెండు గోడలనూ పట్టి ఉంచేది మా నాయనకు అడ్డమొచ్చే ఆ దూలమే. మన భాషలో టై మెంబర్. అది పైకప్పును మోస్తున్నట్టు కనిపించదు, ఊరికే ఉన్నట్టుంటుంది. అందుకే అందరి కన్నూ దాని మీదే పడుతుంది.

దాన్ని కోస్తే ఆరోజే ఏమీ కాకపోవచ్చు. మట్టి అడుసు గోడకు పక్కకు తోసే బలాన్ని ఓర్చుకునే శక్తి తక్కువ. గోడ పైభాగం కొంచెం కొంచెంగా బయటికి ఒరుగుతుంది, కొప్పు కుంగుతుంది, పెంకులు జరిగి వాన నీళ్లు దిగుతాయి, నీళ్లు దిగితే గోడ మెత్తబడుతుంది. "అయితే దాన్ని పీకి పైన బిగిద్దాం" అన్నాడు మా నాయన. పైకి జరిపినకొద్దీ దాని పట్టు తగ్గుతుంది, దాని కిందున్న వాసం భాగం వంగడం మొదలవుతుంది. వాసాల సైజు పెంచకుండా అది కుదరదు.

తొంబై క్రేట్లు

బరువు లెక్క చెప్పడం ఇంకా కష్టమైంది. ఐఎస్ 875 రెండో భాగం (1987) ప్రకారం ఇళ్లలో మనుషులు ఉండే గదికి చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు లెక్కించాలి. అంటే సుమారు 200 కిలోలు. మా అటక 11 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. మొత్తం రెండు టన్నుల పైన, దాదాపు 2,250 కిలోలు. ఇదంతా చెబితే మా నాయన టీవీ వైపు చూసినాడు. అప్పుడు క్రేట్లలో చెప్పినా. ఆయన లెక్కలో టమాట క్రేటంటే 25 కిలోలు. "నాయనా, తొంబై క్రేట్లు."

"తొంబై క్రేట్లు అటక మీద ఎవడు పెడ్తాడురా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. ఒక్క ఆడపిల్ల, ఒక టేబులు, పుస్తకాలు, అంతే కదా? కానీ గది అని పేరు పెట్టినాక అది గదిలాగే వాడబడుతుంది. మంచం వస్తుంది, బీరువా వస్తుంది. పండక్కి వచ్చిన పిల్లలంతా అక్కడే గెంతుతారు. అయిదేళ్ల తర్వాత ఎవరో బియ్యం మూటలు పెడతారు. ఈ అటక తాళ్లు మోసేంత అని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అటక అనే మాటకు జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇచ్చిన అర్థమే 1.5 మీటర్ల ఎత్తుకు మించని, సామాను పెట్టుకునే చోటు అని. మనుషులు ఉండే చోటుగా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ఆ రెండంగుళాల కాంక్రీటు. చదరపు మీటరుకు 120 కిలోలు. మొత్తం 1,300 కిలోల పైమాటే. "ఇంకో యాభై క్రేట్లు నాయనా. మనిషి ఎక్కకముందే." అప్పుడు టీవీ కట్టేసినాడు. కాంక్రీటు ఆలోచన ఆరోజే పోయింది.

తర్వాత దంతెలు. రెండడుగులకొకటి, పదడుగుల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు. కట్టె ఏదో తెలియదు కాబట్టి మంచి టేకు అనుకుని లెక్క వేసినా. నేల బరువుతో కలిపి చదరపు మీటరుకు 250 కిలోలు పెడితే ఒక్కో దంతె మధ్యలో 34 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఐఎస్ 883 ఒప్పుకునేది పొడవులో 240వ వంతు, అంటే 13 మిల్లీమీటర్లు లోపలే. వంపు వల్ల కట్టెలో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 16 న్యూటన్లు. మొదటి రకం టేకుకు కూడా సుమారు 14 దాటకూడదు.

ఇక్కడ చాలామంది చేసే పని, ప్రతి దంతె పక్కనా అలాంటిదే ఇంకొకటి పెట్టడం. కట్టె రెండింతలైనా కుంగు సగమే తగ్గుతుంది. 17 మిల్లీమీటర్లు, ఇంకా ఎక్కువే. అదే దంతె లోతును నాలుగు నుంచి ఆరంగుళాలు చేస్తే కట్టె ఒకటిన్నర రెట్లే అవుతుంది, కుంగు మాత్రం 10 మిల్లీమీటర్లకు వచ్చేస్తుంది. లోతుకు ఘనం లెక్క అని మొదటి ఏడాదిలోనే చదువుకున్నాం. పరీక్షలో రాసి మర్చిపోయిన ఆ సూత్రం ఒక ఇంటికి ఇంత డబ్బు మిగులుస్తుందని నాకు ఆరోజే తెలిసింది.

మెట్ల కోసం దంతె కోయడం కూడా ఇలాంటిదే. కోసిన దంతె మోసే బరువు గాలిలో కలిసిపోదు, పక్క దంతెల మీదికి పోతుంది. కోసిన కొసకు అడ్డంగా ఒక కట్టె పెట్టి, ఆ పక్క రెండు దంతెలనూ బలపరచాలి. లేదంటే మెట్లను దంతెల మధ్య సందులో పట్టేటట్టు పెట్టుకోవాలి.

నా లెక్క తప్పిన చోట

ఇంతవరకు చదివి, వీడు బాగానే చేసినాడు అనుకుంటున్నారేమో. ఆగండి.

లెక్కల కాగితం పట్టుకుని గర్వంగా ఉన్నప్పుడు మా వీధి చివర వడ్రంగి తాతను పిలిపించినాడు మా నాయన. ఆయన కాగితం చూడలేదు. అటకెక్కి దంతెలను ఒక్కొక్కటే ఉలి పిడితో కొట్టుకుంటూ పోయినాడు. నాలుగో దంతె దగ్గర ఆగినాడు. గోడలోకి దిగే కొస దగ్గర ఉలి మొన పెట్టి నొక్కినాడు. రెండంగుళాలు లోపలికి దిగిపోయింది. పొట్టు రాలింది.

"ఈడ పెంకు ఎప్పుడో పగిలుంటాది అబ్బోడా. నీళ్లు దిగినాయి, చెదలొచ్చినాయి. నువ్వు నాలుగంగుళాలు అని రాసుకున్నావే, ఆ నాలుగంగుళాలు యాడుండాయి?"

నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కానీ నేను లెక్క వేసిన కట్టె అక్కడ లేదు. టేపు పెట్టి కొలిచింది మధ్యలో, అందేచోట. దంతె బరువంతా దించుకునేది గోడలో దాగిన కొస దగ్గర. గాలి తగలక, తడి ఆరక ముందుగా పాడయ్యేది కూడా అక్కడే. పుస్తకంలో బీమ్ కింద త్రికోణం గీసి సపోర్టు అంటాం. ఆ త్రికోణం మా ఇంట్లో చెదపుట్ట.

కుప్పంలో రాయి, పుంగనూరులో సజ్జ

ఆ తర్వాత నాకిదొక పిచ్చి పట్టుకుంది. ఆ వేసవిలో చుట్టాలిళ్లకు ఎక్కడికి పోయినా పైకే చూసేవాణ్ణి.

కుప్పం గ్రానైట్ ఊరు. మా మేనమామ ఇంట్లో వంటింటి మీద చెక్క అటక ఉండదు, నాలుగంగుళాల మందం రాతి బండలు పరిచిన అటక ఉంటుంది. ఆ బండల మీద కొడుక్కి పడక వేసి, పక్కనే 500 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టాలని ఆయన ఆలోచన. "రాయిరా, ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు. నొక్కితే రాయి అంత గట్టిదే. కానీ రెండు గోడల మీద పరిచిన బండ వంగినప్పుడు దాని కింది ముఖం సాగుతుంది. సాగదీస్తే గ్రానైటుకు ఉండే బలం, నొక్కినప్పటి బలంలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా చదరపు మీటరుకు 265 కిలోల దాకా తన బరువే ఉంటుంది.

మా అమ్మ వాళ్ల చిన్నాన్న కోలార్ బంగారు గనుల్లో పనిచేసినాయన. పక్కనే కూర్చుని ఒక్క మాట అన్నాడు: "కట్టె అరిచి విరుగుతాది. పరుగెత్తేదానికి టైమిస్తాది. రాయి అరవదు." మెటీరియల్స్ ల్యాబులో డక్టైల్, బ్రిట్టిల్ అని రెండు కాలమ్‌ల టేబుల్ గీసినప్పుడు నాకు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. ట్యాంకు అటక మీదికి పోలేదు, బయట గోడ కట్టి దాని మీద పెట్టినారు. బండ మధ్యలో రాతి కూసం ఒకటి పొడిచి బిగిద్దామని మామ అన్నాడు కానీ, అదీ తేలిక కాదు. మధ్యలో గట్టిగా పైకి నెట్టితే ఆ చోట బండ పైముఖం సాగుతుంది, అక్కడే పగలొచ్చు. రెండు గోడల మధ్య దూరం తగ్గించాలంటే బండను తోయకుండా తాకీ తాకనట్టు ఆనించి, బరువు పెట్టినప్పుడు మాత్రమే అందుకునేటట్టు ఎవరైనా తెలిసినవాళ్లు చేయాలి.

పుంగనూరు అంటే అందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు మాత్రం మా పిన్ని వాళ్ల సజ్జ గుర్తొస్తుంది. అది స్లాబు ఇల్లు, పడకగదిలో గోడ నుంచి రెండడుగులు బయటికొచ్చే కాంక్రీటు సజ్జ. దానికి ఇనుప యాంగిళ్లు బిగించి ఇంకో రెండడుగులు పెంచి, చెక్కలు పరిచి పిల్లల పడక చేసినారు. కింద గుంజలు లేవు. ఒక్క గోడనే పట్టుకుని వేలాడే దాన్ని రెండింతలు పొడిగిస్తే, గోడ దగ్గర పడే వంపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. పైగా సజ్జను వెనక్కి పట్టి ఉంచేది దాని మీదున్న గోడ బరువే. గాలి కోసమని అక్కడే వెంటిలేటరు పగలగొట్టినారు. సజ్జలో కమ్మీలు పై ముఖానికి దగ్గరగా ఉండాలి. పోసేటప్పుడు ఎవరైనా తొక్కి కిందికి దించేసి ఉంటే, బయటికి చూసి మనం చెప్పలేం.

నేను చూసేసరికి గోడకు ఆనే చోట, సజ్జ పైముఖం మీద వెంట్రుకంత గీత ఉంది. అది చూపించి, ఇద్దరు పిల్లలూ అక్కడే పడుకుంటున్నారని చెప్పగానే ఆ సాయంత్రమే యాంగిళ్లు ఊడదీసినారు. మా పిన్ని అడిగిన మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు: "ఇంత చిన్న సంగతి ఎవరిని అడగాల్రా మేము?"

ఎవరిని అడగాలి?

నిజమే, ఎవరిని అడగాలి? అటక చూడమని ఇంజినీరును పిలిస్తే ఆయన ఫీజు, అటక ఖర్చు ఒకటే అవుతుంది. మేస్త్రీని అడిగితే పని చేయొద్దని ఎందుకంటాడు, ఆయన కూలి అదే కదా. అందుకే జనం సొంతంగా చేసుకుంటారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. చదువుకోవడానికి చోటు లేని పిల్లలున్న ఇల్లు అటక వైపు చూడక ఇంకెటు చూస్తుంది?

"తాతల కాలం నుంచి నిలబడింది, ఇప్పుడేమవుతాది?" అని ఇంకొక మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. నిలబడింది, నిజమే. ఇన్నాళ్లూ తన మీదున్న బరువుకు నిలబడింది. రేపు పెట్టబోయే బరువుకు నిలబడతానని అదెప్పుడూ మాటివ్వలేదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. మన సివిల్ డిపార్టుమెంటులో మూడో, నాలుగో ఏడాది వాళ్లం నెలకొక ఆదివారం, ఒక సార్‌ను వెంటపెట్టుకుని, అడిగినవాళ్ల ఇళ్లకు పోదాం. డిజైన్ చేయడానికి కాదు, సర్టిఫికెట్లు ఇవ్వడానికి అసలే కాదు, ఆ అర్హత మనకింకా లేదు. అయిదు ప్రశ్నలు అడగడానికి మాత్రమే. బరువు ఏ దారిన నేలకు దిగుతోంది? కోయాలనుకున్నది ఊరికే ఉందా, దేన్నైనా పట్టి ఉంచుతోందా? గోడలో దాగిన కొసలు ఎలా ఉన్నాయి? కొత్తగా ఎంత బరువు వస్తోంది? ఇది విరిగితే చెప్పి విరుగుతుందా, చెప్పకుండానా? జవాబుల్లో అనుమానం వస్తే, లైసెన్సున్న ఇంజినీరును పిలవమని గట్టిగా చెబుదాం. మనతో పాటు ఊళ్లో ఒక వడ్రంగిని కూడా తీసుకుపోదాం, ఆయన కూలి మనం చందా వేసుకుని ఇచ్చుకుందాం. ఉలి పిడి మోత వినడం ఏ ల్యాబులోనూ నేర్పరు.

ప్రతి సంవత్సరం మినీ ప్రాజెక్టుకు అయిదంతస్తుల భవనం సాఫ్ట్‌వేర్‌లో గీసి బైండింగ్ చేయిస్తాం. ఎవరూ కట్టని భవనం, ఎవరూ తెరవని పుస్తకం. దానికి బదులు ప్రతి విద్యార్థీ తన ఇంటిదే కొలిచి, కప్పు నుంచి పునాది దాకా బరువు దిగే బొమ్మ గీసుకురావాలని పెడితే? రేకుల ఇల్లైనా సరే, మిద్దె అయినా సరే. వైవాలో అబద్ధం చెప్పే అవకాశం కూడా తక్కువ.

ఇంతకీ మా అటక ఏమైందంటే, గది కాలేదు. కుళ్లిన దంతె మార్చి, పగిలిన పెంకులు సరిచేసి, అడ్డదూలాన్ని ముట్టుకోకుండా వదిలేసినాం. ఆరంగుళాల దంతెలు, వాటికి గోడలో రాతి దిమ్మలు, గాలికి కిటికీ, మెట్లు అన్నీ కలిపితే మా నాయన చేతిలో ఉన్న డబ్బు చాలదు. చాలినంతలో చేస్తే చెల్లెలు దాని మీద, మా అవ్వ దాని కింద పడుకోవాలి. ఆ లెక్క నేను ఒప్పుకోలేకపోయినా.

"అన్నా, నాలుగేళ్లు చదివి నువ్వు నేర్చుకునింది వద్దనేదానికేనా?" అనింది మా చెల్లెలు. ఏడుపు గొంతుతోనే. నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం నేనూ మా నాయనా కలిసి పంచలో ఒక మూల చెక్కతో, జాలీతో అడ్డం కట్టి, టేబులూ లైటూ పెట్టినాం. ఆరడుగులకు అయిదడుగులు. వీధి చప్పుడు వినబడుతుంది, చలికాలం గాలి కొడుతుంది. అయినా నేల మీదుంది.

ఇప్పుడు ఇంటికి పోతే ఆ మూల నుంచి ఇంటిగ్రేషన్ డౌట్లు అడుగుతుంది. అలక ఇంకా పూర్తిగా పోలేదు. మొన్న మాత్రం పక్కింటి ఆంటీ అటక మీద ఏదో కోయిస్తున్నారని తెలిసి, నాకు ఫోన్ చేసింది: "అన్నా, ఆ దూలం దేన్ని పట్టుకునుందో చూసి చెప్పు. ఆదివారం వస్తావా?"

వస్తున్నా. మీలో ఎవరైనా వస్తారా?